సున్నా శాతం లబ్ధిదారుడు

గుత్తుల దొరబాబు ఇరవై రెండేళ్ళుగా చీరలు అమ్ముతున్నాడు. అతనికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. ఈ రెండు సంగతులూ ఒకే మనిషిలో ఉండకూడనివని ఉద్యోగంలో చేరిన మొదటిరోజే అతనికి బోధపడింది. అందుకని రెండో సంగతి భార్య పాపారత్నానికి తప్ప ఇంకెవరికీ చెప్పకుండా, మొదటి సంగతిని ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో గ్రంధి కామరాజుగారి బట్టల కొట్టంటే పేరున్న కొట్టు. పట్టుచీరలకే నూట నలభై అరలున్నాయి. ఏ అరలో ఏ రంగుందో దొరబాబుకి కంఠతా వచ్చు. పైనుంచి మూడో వరసలో ఎడమవైపు అయిదోది చిలకపచ్చ, దాని కిందది కుంకుమ రంగు. అతని కంటికి మాత్రం రెండూ నానేసిన చింతపండులా ఒక్క తీరుగా ఉంటాయి. ఎవరైనా చీరని తప్పు అరలో సర్దారంటే ఆరోజు అతని పని అయిపోయినట్టే. అలాంటప్పుడు కొంగు విప్పి, కొనడానికి వచ్చినావిడ ముందు పరిచి, "ఈ రంగుని మీ ఊళ్ళో ఏవంటారమ్మా?" అని ఎంతో ఆసక్తిగా అడిగేవాడు. ఆవిడ "వంగపండు రంగంటాం" అనగానే "ఆయ్, అసలు సిసలు వంగపండండి" అని వంత పాడేవాడు. అలా అడిగి అడిగి రెండు జిల్లాల్లో వాడుకలో ఉన్న రంగుల పేర్లన్నీ నేర్చేసుకున్నాడు. రంగుల గురించి దొరబాబుకి తెలిసినంత ఊళ్ళో ఎవరికీ తెలియదని కామరాజుగారు పదిమందిలో చెప్పేవారు. విన్నప్పుడల్లా దొరబాబుకి సిగ్గేసేది. కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వానికి మళ్ళీ సిగ్గేసేది.

ఒక సోమవారం అతను పాపారత్నంతో కలిసి ఊరి చివర కొత్తగా కట్టిన గగనదర్శిని నక్షత్రశాలకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళే దారిలో గోడంత బొమ్మ ఒకటి ఉంది. ఆకాశంలో ఎక్కడో మబ్బులా పరుచుకున్న ఒక నీహారిక బొమ్మ అది. "ఈ ఎర్రగా కనిపించేది ఒక వాయువు, దాని మధ్యలో ఆకుపచ్చగా ఉన్నది ఇంకో వాయువు. రెండూ కలిసేచోట కొత్త నక్షత్రాలు పుడతాయి" అని గైడు చెప్పాడు. జనం అందరూ "అబ్బ!" అన్నారు. దొరబాబుకి గోడ నిండా బురద తప్ప ఏమీ కనపడలేదు. అయినా అలవాటు కొద్దీ తనూ "అబ్బ!" అన్నాడు, అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ ఒక్క క్షణం అతన్ని బాధపెట్టింది. కొట్లో అబద్ధం ఆడాడంటే పొట్టకూటి కోసం. నక్షత్రాల ముందు ఎందుకు ఆడాలి? బయటికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర సలహాల పుస్తకం కనపడితే కూర్చుని రాశాడు: "అయ్యా, బొమ్మలో ఎర్ర వాయువు, పచ్చ వాయువు అని చెప్పారు. నాకు ఒకటే కనపడింది. తప్పు నా కళ్ళదే. వీలుంటే వేరే రంగులతో ఇంకో బొమ్మ పెడితే మాలాంటివాళ్ళం కూడా చూస్తాం. తొందరేం లేదు." కింద పేరు, ఫోన్ నంబరు రాశాడు.

తొందరేం లేదన్న మాటని నక్షత్రశాలవారు తు.చ. తప్పకుండా పాటించారు. ఎనిమిది నెలల తర్వాత ఫోన్ వచ్చింది.

"శ్రీ గుత్తుల దొరబాబుగారేనా? మేము మిమ్మల్ని గుర్తించాం" అంది అవతలి గొంతు. ఆ గొంతు గగనదర్శిని డైరెక్టరు ఇవటూరి శేషగిరిగారిది. ప్రతి విజ్ఞాన సంస్థా ఆ ఏడాది ముగిసేలోగా సర్వజన సౌలభ్యం కింద ఒక్క కార్యక్రమమైనా చేసి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. సౌలభ్యం కావలసిన మనిషి కోసం ఎక్కడెక్కడో వెతికారట. ఎవరూ దొరక్క ఆఖరికి సలహాల పుస్తకం తెరిచారట. ఆ పుస్తకం తెరవడం అదే మొదటిసారని శేషగిరిగారు చెప్పలేదు గానీ, మాటల్లో తెలిసిపోయింది.

కొట్టుకి సెలవైన సోమవారం దొరబాబు వెళ్ళి ఆయన గదిలో కూర్చున్నాడు. టెక్నికల్ అసిస్టెంటు నస్రీన్‌ని కూడా పిలిపించారు. నక్షత్రశాలలో ప్రొజెక్టర్లూ కంప్యూటర్లూ చూసేది ఆవిడే. దొరబాబు రాసింది చదివి ఆవిడ తేలిగ్గా నవ్వేసింది.

"ఇది చిన్న పని సార్. ఈ బొమ్మలో రంగులు టెలిస్కోపు తీసినవి కావు. అది తీసేవి నలుపు తెలుపు ఫొటోలే. ఏ వాయువు ఎక్కడుందో తెలియడానికి మనుషులే ఒకదానికి ఎరుపు, ఒకదానికి ఆకుపచ్చ వేశారు. వాటి బదులు పసుపు, నీలం వేస్తే ఈయనకీ కనపడుతుంది, మనకీ కనపడుతుంది. పావుగంట చాలు."

శేషగిరిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పావుగంటలో అయిపోయే పనికి ఉపసంఘం ఎలా వేస్తామమ్మా?"

వర్ణాంధ సౌలభ్య ఉపసంఘం ఆ సాయంత్రమే ఏర్పడింది.

ముందుగా లబ్ధిదారుడు అర్హుడో కాదో తేల్చాలన్నారు. దొరబాబుని పెద్దాసుపత్రి మెడికల్ బోర్డుకి పంపారు. డాక్టరు రంగు చుక్కల పుస్తకం ముందుపెట్టి అందులో అంకెలు చదవమన్నాడు. దొరబాబు పుస్తకం చివరిదాకా తిరగేసి, "ఇందులో అంకెలున్నాయాండీ?" అన్నాడు.

"నీకు వర్ణాంధత్వం పూర్తిగా ఉందయ్యా" అన్నాడు డాక్టరు. "కానీ అది వైకల్యాల జాబితాలో లేదు. జాబితాలో లేనిదానికి నేను శాతం వెయ్యలేను."

"మరి కాయితం కావాలన్నారండి."

"కాయితం ఇస్తాను. దానికేం." ఇచ్చాడు. ఎరుపు, ఆకుపచ్చ ఇతనికి ఏమాత్రం తెలియవని మొదటి వాక్యంలో ఉంది. వైకల్యం సున్నా శాతం అని రెండో వాక్యంలో ఉంది.

దొరబాబు దాన్ని భయపడుతూ తీసుకొచ్చి ఇస్తే శేషగిరిగారు పొంగిపోయారు. "శాతం అని ఒక కాలమ్ ఉంది. అందులో ఒక అంకె ఉండాలి. సున్నా అంకే కదా!" ఆ రోజునుంచి ఫైళ్ళలో దొరబాబు పేరు పక్కన "సున్నా శాతం లబ్ధిదారుడు" అని రాయడం మొదలుపెట్టారు.

ఉపసంఘంలో పదకొండుమంది. పదకొండుమంది కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. దొరబాబుని మాట్లాడే అధికారం లేని ప్రత్యేక ఆహ్వానితుడిగా తలుపు పక్కన కూర్చోబెట్టారు. మొదటి సమావేశంలోనే పరిష్కారం దొరికింది. రంగు కనపడనివాడికి రంగు పేరు కనపడుతుంది కదా! అందుచేత బొమ్మలో ఎర్రగా ఉన్నచోట "ఎరుపు" అనీ, పచ్చగా ఉన్నచోట "ఆకుపచ్చ" అనీ రాసిన చీటీలు అంటించాలని తీర్మానించారు.

రెండో సమావేశంలో చిక్కు వచ్చింది. చిత్రకళ నేర్పే సభ్యుడు లేచి, నీహారికలో కొన్ని వందల ఛాయలున్నాయనీ, అన్నింటినీ ఎరుపు అని సరిపెట్టడం లబ్ధిదారుణ్ణి చులకన చెయ్యడమేననీ ఆవేశపడ్డాడు. ప్రతి ఛాయకీ విడిగా పేరుండాలి, ఆ పేరు తెలుగులో ఉండాలి. సభ్యులు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. ఎంత గింజుకున్నా తొమ్మిది పేర్లు దాటలేదు.

తలుపు పక్కన కూర్చున్న దొరబాబు నోరు జారింది. "కనకాంబరం ఉందండి. దానిమ్మ గింజ ఉంది. ఉల్లిపొట్టు, ఇటుకరాయి, కాకిచిక్కుడు, మామిడిపిందె, గంధం, నెమలికంఠం..."

పదకొండు తలలూ తలుపు వైపు తిరిగాయి.

మాట్లాడే అధికారం లేదన్న నిబంధనని ఆ క్షణమే సవరించి, రంగులు కనపడని దొరబాబుని రంగులకి పేర్లుపెట్టే నిపుణుడిగా నియమించారు. నస్రీన్ బొమ్మని గళ్ళుగా విడదీసి కంప్యూటర్లో ఒక్కొక్క గడీ చూస్తూ చెప్పాలి. దొరబాబు పేరు పెట్టాలి.

"పండుమిరపకాయ కంటే కొంచెం పలచన" అనేది నస్రీన్.

"కాస్త పసుపు కలిసిందాండీ?"

"కలిసింది."

"అయితే కనకాంబరమండి. రాసుకోండి."

ఇలా పధ్నాలుగు సోమవారాలు గడిచాయి. నిజం చెప్పాలంటే ఆ పధ్నాలుగు సోమవారాలూ దొరబాబు కాళ్ళు నేలమీద లేవు. తనకి ఏమీ కనపడని బొమ్మని తనకి కనపడేట్టు చెయ్యడానికి, తనకి కనపడని రంగులకి తనే పేర్లు పెడుతున్నానన్న సంగతి అతనికి ఒకటి రెండుసార్లు తట్టింది. కానీ అప్పుడే కాఫీ వచ్చేది. ఇంట్లో కూడా మాట తీరు మారిపోయింది. పాపారత్నం కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "సదరు విషయం పరిశీలనలో ఉంది" అన్నాడు ఒకరోజు. పాపారత్నం గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెరుగన్నం తిని పడుకున్నాడు.

చీటీలు మొత్తం రెండువేల మూడువందల పదహారు అయ్యాయి. తెల్ల కాయితం మీద నల్ల అక్షరాలు. అన్నీ అంటించాక నస్రీన్ వెనక్కి నడిచి గోడని తేరిపార చూసింది.

"సార్, బొమ్మ కనపడట్లేదు."

"బొమ్మ కింద ఉంది కదమ్మా" అన్నారు శేషగిరిగారు. "ఇంతకుముందు ఒట్టి బొమ్మ ఉండేది. ఇప్పుడు సమాచారం ఉంది."

ఆవిష్కరణకి ముహూర్తం పెట్టారు. ఆహ్వాన పత్రికలు ఊళ్ళో పెద్దలందరికీ వెళ్ళాయి. గ్రంధి కామరాజుగారు ఊళ్ళో పెద్దమనుషుల్లో ఒకరని దొరబాబుకి గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. కొట్టు తెరిచీ తెరవగానే ఆయన పత్రిక పట్టుకుని పిలిచారు.

"ఏరా దొరబాబూ, ఇందులో నీ పేరు వేశారు! నిపుణుడంటే అర్థమైంది. ఈ 'వర్ణాంధ లబ్ధిదారుడు' ఏంట్రా?"

దొరబాబుని ఇరవై రెండేళ్ళ అలవాటు ఆదుకుంది. "అదో బిరుదండి, షావుకారుగారూ."

"శభాష్!" అన్నారు కామరాజుగారు. కొట్లో పనివాళ్ళందర్నీ తీసుకుని, పెద్ద పూలదండ చేయించి మరీ వస్తానన్నారు.

"ఇప్పటికైనా వెళ్ళి చెప్పెయ్యండి" అంది ఇంటిదగ్గర పాపారత్నం.

"చెప్తే ఉద్యోగం పోద్ది, రత్నం."

"బిరుదని చెప్పాక తెలిస్తే పోదేంటి? ఉద్యోగంతో పాటు పరువూ పోద్ది."

ఆవిడ అన్నది నిజమే. అయినా దొరబాబు చెప్పలేదు. సభలో ఎలాగో గట్టెక్కుతానని, ఎవరో ఒకరు ఏదో ఒక రంగు పేరు అందిస్తారని ఎదురుచూశాడు.

సభకి మునిసిపల్ కమిషనరుగారు ముఖ్య అతిథి. రెండో వరసలో కామరాజుగారు దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. శేషగిరిగారు మైకు ముందుకి వచ్చి, "పుట్టుకతోనే ఎరుపునూ ఆకుపచ్చనూ గుర్తించలేని దుర్భర స్థితిలో ఉండి కూడా..." అని మొదలుపెట్టి దొరబాబు జీవితాన్ని పావుగంట వర్ణించారు. దొరబాబు వేదిక మీద నుంచి కామరాజుగారి ముఖమే చూస్తున్నాడు. ఆ ముఖంలో ముందు అయోమయం, తర్వాత లెక్క, ఆ తర్వాత చిలకపచ్చ చీరలన్నీ ఒకదాని వెంట ఒకటి నడిచి వెళ్ళాయి. చివరికి ఆయన దండ తీసి కుర్చీ కింద పెట్టేశారు.

తెర లాగారు. గోడ నిండా తెల్ల చీటీలు. కనకాంబరం, కనకాంబరం, దానిమ్మ గింజ, చిలకపచ్చ, కనకాంబరం. సభ మొత్తం ఎవరైనా ముందు చప్పట్లు కొడతారేమోనని చూసింది. కమిషనరుగారు మైకు దొరబాబు చేతికిచ్చి, "చెప్పండి. ఇప్పుడు మీకు నీహారిక కనపడుతోందా?" అని ఆప్యాయంగా అడిగారు.

"ఆయ్, బ్రహ్మాండంగా కనపడుతోందండి" అన్న మాట దొరబాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సుళువైన మాట! రోజుకి వందసార్లు చెప్పే మాట. కానీ దాచడానికి ఇక ఏం మిగిలింది? తెలియకూడని మనిషికి తెలిసిపోయింది. పోయే ఉద్యోగం పోయినట్టే. ఇక అబద్ధం ఆడినా వచ్చేదేమీ లేదని తట్టగానే అతనికి ఒళ్ళు తేలికపడింది.

"కనపడట్లేదండి" అన్నాడు. "ఇదివరకు బురదైనా కనపడేది. ఇప్పుడు అదీ లేదు. మీకేమైనా కనపడుతోందాండీ?"

కమిషనరుగారు వెనక్కి తిరిగి గోడని చూశారు. నిజాయితీపరుడని ఆయనకి పేరుంది. "లేదు" అన్నారు.

శేషగిరిగారు మెరుపులా వచ్చి మైకు అందుకున్నారు. "సభికులారా! విన్నారు కదా! వర్ణాంధుడికి కనపడనిది కమిషనరుగారికీ కనపడలేదు. చూపున్నవారికీ లేనివారికీ మధ్య యుగయుగాలుగా ఉన్న అంతరం నేడు ఈ గోడ మీద తొలగిపోయింది. సమానత్వం సాధించబడింది!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కొట్టనిది నలుగురే. కామరాజుగారు, పాపారత్నం, నస్రీన్, మైకు పోయిన చేతిని అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డ దొరబాబు.

మర్నాడు కొట్లో కామరాజుగారు నూట నలభై అరల్లో అక్కడక్కడా చెయ్యిపెట్టి పది చీరలు లాగి తివాచీ మీద కుప్ప పోశారు. "చెప్పరా" అన్నారు. దొరబాబు పదీ తప్పు చెప్పాడు. నెమలికంఠం ఒక్కటి మాత్రం ఉజ్జాయింపుగా తగిలింది గానీ దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

"ఇరవై రెండేళ్ళు!" అని కామరాజుగారు కుర్చీలో కూలబడ్డారు. కోపం కంటే పెద్ద అనుమానమేదో ఆయన్ని పట్టి పీడిస్తున్నట్టు కనిపించింది. "ఒరే, మరి ఒక్కావిడైనా వచ్చి రంగు బాలేదని చీర తిప్పి ఇవ్వలేదేంట్రా?"

"నేను చీర చూడనండి" అన్నాడు దొరబాబు తల వంచుకుని. "చూసినా నాకేం తెలుద్దండి. చీర భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టినప్పుడు ఆవిడ ముఖం చూస్తానండి. ముఖం విప్పారితే 'ఇదేనమ్మా మీ రంగు' అంటాను. లేకపోతే ఇంకోటి తీస్తాను. అంతేనండి నా పనితనం."

కామరాజుగారు అతన్ని తెల్లపంచెల బల్ల దగ్గరికి మార్చారు. అక్కడ అతను ఎనిమిది రోజులు ఉన్నాడు. తొమ్మిదో రోజు పెళ్ళివారు వచ్చి, చీరలు దొరబాబే చూపించాలని పట్టుబట్టారు. సభ గురించి పేపర్లో వేసింది చూపించి, అతనికి రంగులు తెలియవని కామరాజుగారే స్వయంగా చెప్పారు. "తెలియకపోతేనేమండి, ఆయన తీసిచ్చింది మా పెద్దమ్మాయికి ఎంత నప్పిందో!" అంది పెళ్ళికూతురి తల్లి. దొరబాబు తన అరల దగ్గరికి తిరిగొచ్చాడు. ఒక అరలో చీరలు ఇంకో అరలో సర్దితే ఊరుకోనని కామరాజుగారు మిగతావాళ్ళ మీద కేకలేశారు.

ఆ సోమవారం నస్రీన్ ఫోన్ చేసి దొరబాబునీ పాపారత్నాన్నీ నక్షత్రశాల వెనక ఉన్న తన చిన్న గదికి రమ్మంది. ఉపసంఘం సంగతి ఎత్తలేదు. కంప్యూటరు ముందు కుర్చీ వేసి కూర్చోమంది. తెర మీద ముందు నలుపు తెలుపు ఫొటో ఒకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. "ఈ వాయువుకి పసుపు, దీనికి నీలం వేశాను" అంటూ రెండింటినీ ఒకదాని మీద ఒకటి కలిపింది.

దొరబాబు ముందుకి వంగాడు. పసుపు పొగ తెరలు తెరలుగా లేచి మధ్యలో గుహలా విచ్చుకుంది. ఆ గుహ నిండా నీలం. అంచు పొడుగునా, రెండూ ఒరుసుకునేచోట, సన్నటి వెలుగు చుక్కలు. ఒకటి ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు తెలుస్తోంది. అతను వెంటనే "అబ్బ!" అనలేదు. ఈసారి అనడానికి అతనికి ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు.

"ఇందులో నక్షత్రాలు పుట్టేది ఎక్కడండీ?" అంది పాపారత్నం అతని భుజం మీంచి చూస్తూ.

పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో రంగుల గురించి అతను అడిగితే ఆవిడ చెప్పడమే గానీ, ఆవిడ అడిగితే అతను చెప్పింది ఎప్పుడూ లేదు. దొరబాబు తెర మీద వేలు పెట్టి, ఆ అంచు వెంబడే మెల్లగా నడిపించాడు. "ఇదిగో, ఇక్కడ, రత్నం. ఇదిగో, ఇక్కడ కూడా."

పదిరోజుల తర్వాత గగనదర్శిని నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. "తమరి ఫిర్యాదు పరిష్కరించబడినది. సంతృప్తి చెందినచో ఆకుపచ్చ గడిలోనూ, చెందనిచో ఎరుపు గడిలోనూ సంతకము చేసి, ఇది అందిన దినముననే తిప్పి పంపవలెను." కింద రెండు గళ్ళున్నాయి. రెండూ ఒకే కొలత, ఒకే తీరు. పాపారత్నం రేషను కొట్టుకి వెళ్ళింది. పోస్టు డబ్బా తెరిచే వేళవుతోంది. నస్రీన్ గదిలో చూసింది ఇంకా కళ్ళముందే కదులుతుంటే, నిండు మనసుతో, మంచి విషయాన్ని ఎవరైనా ముందే పెడతారన్న నమ్మకంతో, దొరబాబు మొదటి గడిలో సంతకం చేసి పంపేశాడు.

వారం తిరక్కుండా శేషగిరిగారి ఫోన్ వచ్చింది.

"దొరబాబుగారూ, మీరు ఎరుపు గడిలో సంతకం చేశారు. మీ అసంతృప్తిని మా సంస్థ అత్యంత తీవ్రంగా పరిగణిస్తోంది. రెండో ఉపసంఘం వేశాం. ఈసారి ఇరవై ఒక్కమంది."

"అయ్యో, నేను సంతోషంగానే పెట్టానండి! ఆ రెండు గళ్ళూ నాకు ఒక్కలాగే కనపడ్డాయండి!"

అవతల కాసేపు కాయితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"అది వేరే సమస్యండి" అన్నారు శేషగిరిగారు చివరికి. "దానికి మీరు విడిగా అర్జీ పెట్టుకోవాలి."